ఈ ఆదివారం పిల్లలతో బొమ్మల సినిమా

అందరికీ నమస్కారం!

ఈసారి మన ప్రాజెక్టు స్టాప్ మోషన్. బొమ్మను కొంచెం జరపడం, ఫోటో తీయడం, మళ్లీ జరపడం. ఫోటోలన్నీ వరసగా ఆడిస్తే బొమ్మ నడుస్తుంది.

శనివారం కథ. పిల్లలు చెప్తారు, మీరు రాసిపెట్టండి చాలు. తలాతోకా లేకపోయినా సరిదిద్దకండి (పెద్దవాళ్లకి అసలు కష్టం ఇదే!).

ఆదివారం షూటింగ్. సెకనుకు 12 ఫోటోల చొప్పున 10 సెకన్లకు 120 కావాలి. మరీ చిన్నపిల్లలైతే ఒక్కో ఫోటో రెండుసార్లు వాడండి, 60తో అయిపోతుంది. ఫోన్ కదలకుండా పుస్తకాల మధ్య బిగించండి. కిటికీ వెలుతురు మారుతుంటే వీడియో మిణుకుమిణుకుమంటుంది, అందుకే కర్టెన్ వేసి లైటు కింద తీయండి. కెమెరాలో ఫోకస్ (బొమ్మ స్పష్టత), ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుతురు) వాటంతటవే మారకుండా లాక్ చేయండి.

"బొమ్మ ఎగరాలంటే ఎలా?" అని అడిగితే వెంటనే చెప్పేయకండి. దారం కడతారో, నేలమీద పడుకోబెట్టి పైనుంచి తీస్తారో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

వీడియోలు ఆదివారం రాత్రి 8 లోగా గ్రూపులో పెట్టాలి. పిల్లల ముఖాలు, స్కూలు పేరు, ఇంటి అడ్రసు కనపడకూడదు. సినిమా పాటలు వద్దు, శబ్దాలన్నీ నోటితోనే!

మర్చిపోకండి: ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో శనివారమే చూసుకోండి, చార్జింగ్ కూడా.