మధ్య ఇంజిన్ కారు: చూసినదేది, ఊహించినదేది

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో టయోటా ఎంఆర్2 తిరిగి వస్తోందంటూ వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఎంఆర్2 అంటే ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు; దాని ఇంజిన్ సీట్ల వెనక, రెండు ఇరుసుల నడుమ ఉంటుంది, దీన్నే మధ్య ఇంజిన్ అంటారు. బెంగళూరు పీణ్యలో సస్పెన్షన్ (చక్రాల కుదుపులను తట్టుకునే ఏర్పాటు) విడిభాగాలు చేసే చిన్న కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, కారులో ఇంజిన్ ఎక్కడ ఉండాలన్నది నాకు కాలక్షేపం కబురు కాదు. పైగా ఆ కారంటే నాకు ఎన్నో ఏళ్లుగా ఇష్టం. వ్యాసంలో మాత్రం సంస్థ చూపించినదీ, ఎవరో ఊహించినదీ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. పైన వేసిన ఎర్ర కారు బొమ్మ కంప్యూటర్‌లో గీసినదన్న మాట ఎక్కడా లేదు.

సంస్థ చూపించినది ఇది. 2025 జనవరిలో టోక్యో ఆటో సలోన్ అనే కార్ల ప్రదర్శనలో టయోటా జీఆర్ యారిస్ ఎం కాన్సెప్ట్ అనే ప్రయోగ వాహనాన్ని ప్రదర్శించింది. మామూలు జీఆర్ యారిస్‌లో మూడు సిలిండర్ల 1.6 లీటర్ల టర్బో ఇంజిన్ ముందు బానెట్ కింద ఉంటుంది. ఈ వాహనంలో కొత్తగా రూపొందిస్తున్న నాలుగు సిలిండర్ల 2 లీటర్ల టర్బో ఇంజిన్‌ను సీట్ల వెనక అమర్చి, నాలుగు చక్రాలకూ శక్తినందించారు. జపాన్‌లో జరిగే సూపర్ తైక్యూ రేసుల్లో పరుగెత్తించి మెరుగుపరచుకోవడానికే దీన్ని తయారుచేశామన్నారు. ఎంఆర్2 అనే పేరు, ధర, విడుదల నెల, బెంగళూరు దగ్గర బిడదిలోని టయోటా కర్మాగారంలో కూర్పు, ఇవన్నీ మీ వ్యాసకర్త దానికి చేర్చినవే.

ఊహించడమే తప్పని నేననను. ఇంజిన్‌ను ముందు నుంచి వెనక్కు మార్చాలంటే గేర్‌బాక్సు, పెట్రోలు ట్యాంకు, రేడియేటర్ గొట్టాలు, వెనక సస్పెన్షన్ అన్నింటినీ కొత్తగా అమర్చుకోవాలి; అంత శ్రమపడిన సంస్థ మనసులో ఏదో కారు ఉండే ఉంటుందనుకోవడం న్యాయమే. ఆ కారణాన్ని చెప్పి, దీన్నిబట్టి మేమిలా అనుకుంటున్నామని రాస్తే పాఠకుడు తూచుకోగలడు. మీ వ్యాసంలో ఆ కారణమే కనబడలేదు.

మధ్య ఇంజిన్ అంటే మనవాళ్లకు తెలియనిదేమీ కాదు. 1984లో జపాన్‌లో మొదటి ఎంఆర్2 వచ్చింది. అదే ఏడాది మన దేశంలో మారుతి వ్యాన్ వచ్చింది, తర్వాత దాన్నే ఓమ్ని అన్నారు. దాని 796 సీసీ ఇంజిన్ ముందు సీట్ల కిందే, ముందు చక్రాల ఇరుసుకు వెనకగా ఉండేది. మా కర్మాగారం వ్యాన్‌ను నేను మైసూరు రోడ్డు మీద ఎన్నోసార్లు నడిపాను. ఎండాకాలంలో కెంగేరి దాటేసరికి సీటులోంచి వేడి తొడలకు తగిలేది, ప్లగ్గులు చూడాలంటే సీటు ఎత్తి పక్కకు వాల్చాల్సి వచ్చేది. ఇంజిన్‌ను మనిషికి దగ్గరగా తెస్తే వేడి, చప్పుడు, రిపేరు కష్టం వెంట వస్తాయని ఆ బండే నేర్పింది.

అయినా స్పోర్ట్స్ కారులో ఇంజిన్‌ను మధ్యకే ఎందుకు తెస్తారంటే, కావడి మోసినవాడిని అడగాలి. బద్దకు రెండు చివరలా నీళ్ల బిందెలు వేలాడుతుంటే మనిషి గిర్రున తిరగలేడు. తిరిగినా బిందెలు ఆగవు, భుజాన్ని లాక్కుపోతాయి. అదే బరువును భుజానికి దగ్గరగా జరిపితే ఇట్టే తిరుగుతాడు. కారుకూ అంతే. బరువైన ఇంజిన్ రెండు ఇరుసుల నడుమ ఉంటే స్టీరింగ్ తిప్పగానే బండి మలుపులోకి దూరుతుంది. అయితే అంత సులువుగా తిరిగే బండి, పట్టు తప్పినప్పుడు కూడా అంతే వేగంగా తిరిగిపోతుంది. 1989లో వచ్చిన రెండో తరం ఎంఆర్2 మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం చటుక్కున జారుతుందని పేరుపడింది. తర్వాతి ఏళ్లలో టయోటా దాని సస్పెన్షన్‌నూ టైర్లనూ మార్చింది. జీవితమంతా సస్పెన్షన్ భాగాల మధ్య గడిపిన నాకు ఈ కారు కథలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే, మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా దక్కలేదు.

పుకారుకూ నిజానికీ ఎంత దూరమో తెలియాలంటే అమెరికాలో షెవర్లే వారి స్పోర్ట్స్ కారు కోర్వెట్ సంగతి చూడండి. ఆ కారుకు ప్రాణం పోసిన ఇంజనీరు జోరా ఆర్కస్ డంటోవ్ 1960లోనే మధ్య ఇంజిన్‌తో ప్రయోగ వాహనం తయారుచేశారు. అప్పటి నుంచి ఇదిగో వస్తోంది, అదిగో వస్తోందన్న పుకార్లు ఆగలేదు. ఆయన 1996లో కన్నుమూశారు, మధ్య ఇంజిన్ కోర్వెట్‌ను 2019 జూలై 18న ఆవిష్కరించారు. ఎందరో ఆశపడిన చేతి గేర్లు అందులో లేవు, తనంతట తానే గేర్లు మార్చుకునే ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు ఒక్కటే ఇచ్చారు.

ఇదంతా ఇంత పట్టుదలగా రాయడానికి ఇంటి కారణం కూడా ఉంది. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఇలాంటి వార్తే ఎక్కడో చదివి, పాత కారు అమ్మేసి, ముందే బుక్ చేస్తానన్న ఒక మధ్యవర్తికి యాభై వేలు ఇచ్చాడు. మధ్యవర్తి ఫోనెత్తడం మానేశాడు. మా మేనల్లుడిప్పుడు మెట్రోలో వెళ్లివస్తున్నాడు. బిడది మనకు కూతవేటు దూరంలో ఉండటంతో, అక్కడే తయారవుతుందన్న మాట బెంగళూరులో ఇట్టే నమ్మకంగా మారుతుంది. ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటివి తయారయ్యే చోట ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారును కూర్చాలంటే వేరే ఏర్పాట్లు కావాలి, వాటి జాడ ఏదైనా ఉందా అని మీ విలేఖరి ఒకసారి అడిగి రాసినా బాగుండేది.

ఇకముందు ఇలాంటి వ్యాసాల్లో ఊహాచిత్రం కింద ఊహాచిత్రమనే రాయండి. సంస్థ చెప్పినదాన్నీ మీ అంచనానూ వేర్వేరు పేరాల్లో ఉంచండి. ఆ కారు నిజంగా వచ్చిన రోజున అశ్వశక్తి కన్నా ముందుగా, ముందు ఇరుసు మీద ఎన్ని కిలోలు, వెనక ఇరుసు మీద ఎన్ని కిలోలు అన్న రెండు అంకెలను వేయించమని నా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజాజీనగర్, బెంగళూరు