స్కోరు రాసినవారి పేరూ అచ్చు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

జిల్లా పేజీల్లో కళాశాలల కబడ్డీ పోటీల వార్త చదివితే ముఖ్య అతిథి ఎవరు, వేదిక మీద ఎవరెవరు ఆసీనులయ్యారు, బహుమతుల దాత ఎవరు అన్నవి పూసగుచ్చినట్టు ఉంటాయి గానీ, ఫైనల్లో ఎన్ని పాయింట్ల తేడా వచ్చిందో, ఆట ఏ రైడుతో మలుపు తిరిగిందో వెతికినా దొరకదు. ఇది విలేకరుల నిర్లక్ష్యమని నేను అనను. రెవెన్యూ సదస్సు నుంచి రోడ్డు ప్రమాదం దాకా అన్నీ ఒక్కరే చూసుకోవలసిన కంట్రిబ్యూటరుకు ఆట ముగిసేదాకా మైదానంలో కూర్చునే తీరిక ఎక్కడిది? అయితే ప్రతి పాయింటునూ చూసి రాసిన విద్యార్థి ఒకరు అక్కడే స్కోరర్ల బల్ల దగ్గర ఉంటారు. వారిని అడిగేవారే లేరు.

అనంతపురంలో వ్యాయామ అధ్యాపకుడిగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న నా దగ్గరకు, క్రీడా వ్యాఖ్యాతలు కావాలని, ఆటల మీద రాయాలని ఉబలాటపడే పిల్లలు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు. టీవీలో తెలుగు వ్యాఖ్యానం ఇంటింటా వినిపిస్తున్న రోజుల్లో ఆ కోరిక సహజమే. అందరూ మైకు అడుగుతారు, స్కోరు పుస్తకం అడిగేవారు అరుదు. నేను మాత్రం ముందు పుస్తకమే చేతికిస్తాను. క్రికెట్ ఓవరులో పరుగేమీ రాకపోతే ఆరు బంతుల చుక్కలనూ కలిపి ఇంగ్లీషు ‘ఎం’ అక్షరంలా గీయడం ఒక్క పూటలో వచ్చేస్తుంది. అసలు పని ఆ తరువాత ఉంది. వైడ్లు, నోబాల్స్ బౌలరు ఖాతాలో పడతాయని, బ్యాటుకు తగలకుండా వచ్చే బైలు, లెగ్‌బైలు పడవని గుర్తుంచుకొని, ఇన్నింగ్స్ ముగిశాక బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపిన మొత్తమూ, బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపిన మొత్తమూ సరిపోయేదాకా కుర్చీలోంచి లేవకూడదు. ఒక్క పరుగు తేడా వచ్చినా ఓవరు ఓవరూ వెనక్కి తిరగేయాలి. ఇప్పుడు సెల్‌ఫోన్ యాప్ ఆ కూడికలన్నీ తానే చేసి పెడుతోంది. మంచిదే గానీ, ఆటను కళ్లప్పగించి చూసే అలవాటును అది నేర్పలేదు. కబడ్డీలో అవతలి కోర్టులో కనీసం ఆరుగురు డిఫెండర్లు ఉంటేనే బోనస్ పాయింటు దక్కుతుందన్న సంగతి కూడా తెలియకుండా, గొంతు ఒక్కటే పెంచి చెప్పే వ్యాఖ్యానం ఎన్నాళ్లు నిలుస్తుంది?

క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే అంతటివారు కూడా పందొమ్మిదేళ్ల వయసులో, హైదరాబాదులో చదువుకుంటూనే, ఆకాశవాణిలో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. మన సీమలోనూ ఆకాశవాణి కేంద్రాలున్నాయి, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాలలో జర్నలిజం శాఖలున్నాయి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామం వంటి మైదానాలున్నాయి. 2024 సెప్టెంబరులో దేశవాళీ క్రికెట్ పోటీ దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచుల్లో ఐదు అనంతపురంలోనే జరిగాయి. అటువంటి పోటీలు మన ఊరికి వచ్చినప్పుడు ప్రెస్ బాక్సులో చేతిసాయానికైనా స్థానిక జర్నలిజం విద్యార్థులను కొందరిని పిలవడం నిర్వాహకులకు భారమేమీ కాదు.

అయితే వాలంటీరు పేరుతో జీతం బత్తెం లేని చాకిరీ చేయించుకోవడం కూడా మన దగ్గర ఉన్నదే. మిట్ట మధ్యాహ్నం ఎండలో స్కోరు బోర్డు మార్చిన పిల్లలకు భోజనం పొట్లం మిగలని టోర్నమెంట్లను నేను చూశాను. సాయంత్రం బస్సు చార్జీలు కూడా వాళ్ల జేబులోంచే పోతాయి. ఇలాగైతే ఇంటి దగ్గర కాస్త వెసులుబాటు ఉన్నవారే ఈ దారిలో నిలబడతారు, కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు రెండో టోర్నమెంటుకే మానుకుంటారు. ఆడపిల్లల విషయంలో పొద్దుపోయాక ఇంటికి చేర్చే ఏర్పాటు కూడా చూడాలి. అన్నం, చార్జీలు, ఏ పోటీలో ఏ పని చేశారో రాసి సంతకం పెట్టిన కాగితం, ఈ మూడూ ఇవ్వలేని నిర్వాహకులు వాలంటీర్లను అడగకపోవడమే మర్యాద.

మీ పత్రికకు నా విన్నపం కూడా ఇదే కోవలోది. స్కోరర్లుగా పనిచేసే విద్యార్థులు పూర్తి స్కోరుతో పంపే నాలుగు వాక్యాల వార్తను తీసుకోండి. కింద వారి పేరు వేయండి, అచ్చయిన ప్రతి వార్తకూ కొద్దిపాటి పారితోషికమైనా ఇవ్వండి. అందులో వేదిక మీది పేర్లు ఒకటి రెండు తగ్గినా పాఠకులకు నష్టం లేదు. మన జిల్లా నుంచి బారెడ్డి అనూష 2023లో భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది, కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. రేపు ఇటువంటి మరో క్రీడాకారిణి గురించి రాయబోయేవారు ఆమె జిల్లా స్థాయిలో ఎలా ఆడిందో తెలుసుకోవాలంటే ఈ స్కోరు పత్రాలే ఆధారం.

పాఠశాలల క్రీడల ఎంపిక పోటీలతో దీన్ని మొదలుపెట్టవచ్చు. స్కోరు పత్రం నింపడం నేర్పే బాధ్యతను నాలాంటి విశ్రాంత అధ్యాపకులు ఉచితంగానే తీసుకుంటారు. కళాశాలలు ఆదివారం ఒక గది తెరిచి ఉంచితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ అధ్యాపకుడు,
అనంతపురం.