తేలే గాలిమర పడిపోదా?

అబర్డీన్

నాన్నగారికి నమస్కారాలు.

సముద్రంలో తేలే గాలిమర తుపానుకు పడిపోదా అని అడిగారు కదా. ఫోన్లో చెబితే తేలే సంగతి కాదని రాస్తున్నాను.

ఇక్కడ స్కాట్లాండ్‌లో పీటర్‌హెడ్ తీరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో హైవిండ్ ఉంది. ఇలా తేలే మరలతో కరెంటు తీసిన మొదటి విండ్ ఫామ్ ప్రపంచంలో అదే. 2017లో మొదలైంది. ఐదు మరలు, ఒక్కోటి 6 మెగావాట్లు. లోతు సుమారు 100 మీటర్లు ఉన్నచోట అడుగున స్తంభం పాతడం గిట్టుబాటు కాదు. అందుకని లావుపాటి ఉక్కు గొట్టాన్ని నిలువుగా తేలనిచ్చి, దానిమీద మరను బిగించారు. గొట్టం 78 మీటర్ల మేర నీళ్లలోనే ఉంటుంది. దాని అడుగున వేల టన్నుల బరువు నింపారు కాబట్టి గాలి ఎంత వంచినా మళ్లీ నిటారుగా లేస్తుంది. అల పైపైన ఎంత ఎగిరిపడ్డా లోతుకు పోయేకొద్దీ దాని జోరు తగ్గుతుంది. సముద్రం అడుక్కి కట్టిన మూడు గొలుసులూ మరను కొట్టుకుపోకుండా ఆపడానికే, నిలబెట్టడానికి కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

నాకు అసలు ముచ్చటేసేది రెక్కల సంగతి. గాలి మరీ ఎక్కువైతే కంప్యూటర్ రెక్కల కోణం మార్చి గాలి పట్టు తగ్గిస్తుంది. నేలమీది మరకు అది చాలు. తేలే మర ముందుకు, అంటే గాలికి ఎదురుగా, ఊగినప్పుడు మాత్రం గాలి పెరిగినట్టు అనిపించి కంప్యూటర్ పట్టు వదిలేస్తుంది. అడ్డు తగ్గి మర ఇంకాస్త ముందుకు పోతుంది. వెనక్కి వచ్చేటప్పుడు దీనికి తలకిందులు. ఊయలను అదను చూసి తోసినట్టే, ఊపు పెరుగుతూ పోతుంది. అందుకే ఈ మరల కంట్రోల్ ప్రోగ్రామ్ ఊపును కూడా లెక్కలోకి తీసుకుని రెక్కలను తిప్పుతుంది. గాలి సెకనుకు 25 మీటర్లు దాటితే ఇక కరెంటు మాటే లేదు, రెక్కలు గాలికి అంచు చూపించి ఊరుకుంటాయి.

మొదలైన ఏడాదే డిసెంబరు తుపానులో గంటకు 160 కిలోమీటర్లు దాటిన ఈదురుగాలినీ, 8 మీటర్లు మించిన అలలనూ తట్టుకున్నాయి. చివరికి ఇబ్బంది పెట్టింది తుపాను కాదు, లోపలి బేరింగులు. 2024లో ఐదింటినీ గొలుసులు విప్పి నార్వే రేవుకు లాక్కెళ్లి మార్చారు. తేలుతాయి కాబట్టి అలా తీసుకెళ్లగలిగారు గానీ, అన్నాళ్లూ కరెంటు లేనట్టే. ఈ ఖర్చు తగ్గించే దారి ఇంకా వెతకాల్సిందే.

నా పని ఒడ్డున ఆఫీసులోనే, పడవ ఎక్కేది అరుదు. అమ్మను టెన్షన్ పడొద్దని చెప్పండి.

మీ అబ్బాయి