కుంగుబాటు వెనుక రాగి

సంపాదకులకు,

అయ్యా,

యువతలో కుంగుబాటు గురించి వస్తున్న వ్యాసాలు చదువుల ఒత్తిడినీ సెల్‌ఫోన్‌నూ కారణాలుగా చూపుతున్నాయి. అవి కావని అనను. అయితే కొందరిలో అది మెదడుకు సోకిన మరో జబ్బుకు తొలి లక్షణం కావచ్చునన్న మాట ఎక్కడా కనబడనందున ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఉన్నట్టుండి ముభావంగా మారి, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మందులు వాడాం, దిష్టి కూడా తీయించాం. నేను తెలుగు పండితుణ్ణి గనుక నా కంట పడింది వాడి చేతిరాత: ముత్యాల్లాంటి అక్షరాలు ఆరు నెలల్లో కోడి గెలికినట్టయ్యాయి. తెల్లారేసరికి దిండు గలీబు చొంగతో తడిసి ఉండేది. ఈ రెండూ చెప్పినా మొదట చూసిన వైద్యుడు పట్టించుకోలేదు. ఏడాదిన్నర తరువాత ఒక కంటి వైద్యురాలు నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయాన్ని గమనించి న్యూరాలజిస్టు దగ్గరికి పంపాకే అది విల్సన్ వ్యాధి అని తేలింది.

1912లో కిన్నియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు వివరించిన ఈ వ్యాధిలో, ఏటీపీ7బీ అనే జన్యువు లోపం వల్ల తిండిలోని రాగి పైత్యరసంతో బయటికి పోక కాలేయంలోనూ మెదడులోనూ కంటి అంచునా పేరుకుంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఇది వస్తుంది గనుక మేనరికాల ఇళ్ళలో దీని గురించి మరింత తెలిసి ఉండాలి. మా అక్కను ఇచ్చింది మా మేనమామకే. ఆరోగ్యానికి మంచిదని ఆవిడ రోజూ రాగి చెంబులో నీళ్ళే వాడికి తాగించేది; ఈ జబ్బున్నవారికి అవి పనికిరావని ఆవిడకేం తెలుసు!

పార్కిన్సన్స్‌లో చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే, హంటింగ్టన్ వ్యాధిలో ఒళ్ళు మెలికలు తిరగకముందే కుంగుబాటు రావచ్చు. వాటిని ఆపే మందు లేదు. విల్సన్ వ్యాధికి మాత్రం 1956 నుంచే ఒంట్లోని రాగిని మూత్రంతో బయటికి పంపే పెన్సిలమైన్ అనే మందు ఉంది. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. పైగా మానసిక రోగాలకిచ్చే కొన్ని మందులు వీరిలో ఒళ్ళు బిగుసుకుపోవడాన్ని పెంచుతాయి.

కుంగిపోయిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్షలు చేయమని నా కోరిక కాదు. దిగులుతో పాటు మాట ముద్దగా రావడం, రాత చెడడం, వణుకు, లోగడ కామెర్లు వచ్చి ఉండడం వంటివి కనిపిస్తే రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీను), 24 గంటల మూత్రంలో రాగి ఎంత ఉన్నాయో చూడాలి. ఆ సౌకర్యం జిల్లా ఆసుపత్రులన్నింటిలో ఉండాలి. జబ్బు తేలితే తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి, వారిలో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. మా మేనకోడలికి అలాగే బయటపడింది. ఏ లక్షణమూ లేని ఆ పిల్ల ఇప్పుడు అన్నం తినడానికి గంట ముందు, తిండిలోని రాగి ఒంటికి పట్టకుండా ఆపే జింకు మాత్ర వేసుకుని బడికి వెళుతోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తూర్పు గోదావరి జిల్లా