మన జాజ్ రికార్డుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక ఆలస్యమైంది, తప్పు నాదే. లెక్కల పట్టీ కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివేశారు కాబట్టి ఇక్కడ రూపాయల జోలికి పోను. అప్పు లేదు, మిగులు పెద్దగా లేదు, చందా బాకీ పడ్డవాళ్ళెవరో వాళ్ళకే తెలుసు.

ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం గేట్ బజార్ దగ్గర మేడ మీద గదిలో కూర్చోవడం ఈ ఏడూ సాగింది. వానాకాలంలో కరెంటు పోయి రెండుసార్లు మాత్రం టీ తాగి లేచిపోయాం. బరంపురంలో తెలుగువాళ్ళు జాజ్ వినడమేమిటండీ అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. హౌరా–మద్రాసు లైను మీద ఉన్న ఊరు మనది, కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో హోటళ్ళ బ్యాండ్లు వాయించింది ఓ రాత్రి ప్రయాణంలో ఇక్కడికి చేరేది. పైగా మన పెద్దల్లో కొందరు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసినవాళ్ళు, అక్కడ ఆంగ్లో ఇండియన్ల డాన్సుల్లో శాక్సఫోన్ చెవిన పడ్డవాళ్ళు. ఇంకేం కారణం కావాలి?

ఈ ఏడాది పెద్ద సంగతి కూడా ఖరగ్‌పూర్ నుంచి వచ్చిందే. అక్కడ రిటైరై మన ఊళ్ళో స్థిరపడ్డ ఒక పెద్దాయన కాలం చేశాక, వాళ్ళ కోడలుగారు ఫోన్ చేసి, "మావయ్యగారి పాటల ప్లేట్లు ట్రంకు నిండా ఉన్నాయండీ, పాత సామాన్ల వాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు, మీకేమన్నా పనికొస్తాయా" అన్నారు. నలుగురం ఆటో కట్టించుకుని వెళ్ళాం. 2013 ఫైలిన్ తుఫానుకి ఇంట్లోకొచ్చిన నీళ్ళ గీత ఆ రేకు ట్రంకు మీద ఇంకా అలాగే ఉంది. అడుగున ఉన్న కవర్లు ముద్దయి ఒకదానికొకటి అంటుకుపోయాయి. పైవాటికి తెల్లటి బూజు. అయినా సగానికి పైగా బతికాయి, వాటిలో కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన ఎల్పీలు చాలా ఉన్నాయి, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు 78 ప్లేట్లు కొన్ని కూడా. అన్నిటికన్నా పైన, పాత చీర ముక్కలో చుట్టి, టెడ్డీ వెదర్‌ఫర్డ్ కలకత్తాలో రికార్డు చేసిన కొలంబియా కంపెనీ 78 ప్లేటు. ఆయన అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి పియానిస్టు. బొంబాయి తాజ్‌లోనూ కలకత్తా గ్రాండ్ హోటల్లోనూ వాయించి, 1945లో కలరా సోకి కలకత్తాలోనే పోయాడు.

ఆ ప్లేటుని పాడుచేసింది నేనే. మీటింగులో చెప్పాను, కాయితం మీద కూడా ఉండాలి కాబట్టి మళ్ళీ చెబుతున్నా. ఎల్పీలకి బూజు తుడవడానికి డిస్టిల్డ్ వాటర్లో కాస్త స్పిరిట్ కలిపి వాడతాం కదా, అదే దూదితో, అదే ఊపులో దీన్నీ తుడిచేశాను. మూడో చుట్టుకే దూది గోధుమరంగుకి తిరిగింది, మురికి వస్తోందనుకుని సంతోషపడి ఇంకాస్త గట్టిగా రుద్దాను. ఆరాక చూస్తే బొటనవేలంత మేర మెరుపు పోయి మసకగా ఉంది, సూది అక్కడికి రాగానే బుస్సుమంటుంది. ఎల్పీ వినైలు, 78 ప్లేటు లక్క. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో మోదుగ చెట్ల మీద పురుగు పెట్టే లక్కే. మన తలుపులకి పాలిష్ కొట్టే వడ్రంగి దాన్ని స్పిరిట్‌లోనే కరిగిస్తాడు. ఈ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఆ నిమిషంలో తోచలేదు, అంతే. ఇకమీదట 78 ప్లేట్లకి స్పిరిట్ సీసా ఉన్న బల్ల మీద చోటు లేదు.

డిసెంబరు మీటింగు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన గొడవంతా అక్కడ మొదలైంది. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 నాటి రికార్డు. ట్రంకులో దొరికిన పాత కాపీనీ, కొత్త అచ్చునీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం. వీణ నేర్పే అత్తయ్యగారు మొదటి పాట సగంలోనే, "పాతదాంట్లో శ్రుతి ఎక్కువుంది నాయనా, మీ మిషను తేడానా" అన్నారు. మిషను తేడా కాదు. 1959 మార్చి 2న ఆ మొదటి వైపు మూడు పాటలూ రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది, దాంతో ఆ టేపుని మామూలు వేగంతో వేస్తే పాట పైకెక్కింది. ముప్పై ఏళ్ళకి పైగా ప్రపంచమంతా ఆ తప్పు శ్రుతితోనే వింది, 1992 అచ్చులో గానీ సరిచేయలేదు. అత్తయ్యగారు మాత్రం పావుగంటలో పట్టేశారు.

ఇంక గొడవ. పాత అచ్చునీ కొత్త అచ్చునీ అలా పోల్చి విన్నాకే మొదలైంది. నిధిలో ఉన్న డబ్బుతో బ్లూనోట్ అనే అమెరికా జాజ్ కంపెనీ అరవైల్లో వేసిన మొదటి అచ్చు ఒకటి కొందామని కొందరు పట్టుబట్టారు. లోపలి అంచున రికార్డింగు ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ ఆర్‌వీజీ ముద్ర ఉన్న అసలు సరుకు. నేను వద్దన్నాను. ఆ ఒక్క ప్లేటుకి మన ఏడాది చందా అంతా పోతుంది, పోయిన డబ్బులో వాయించినవాడి కుటుంబానికి గానీ కంపెనీకి గానీ పైసా చేరదు, చేతులు మారే సరుకు అది. పాత ఆల్బమ్ మళ్ళీ అచ్చులో ఉండాలంటే కొత్తగా వేసినప్పుడు కొనేవాళ్ళుండాలి. శాక్సఫోన్ వాయించిన టీనా బ్రూక్స్ సంగతే చూడండి. 1958 నుంచి 1961 లోపు బ్లూనోట్ ఆయన పేరు మీద నాలుగు ఆల్బమ్‌లు రికార్డు చేసింది, ఆయన బతికుండగా బయటికొచ్చింది 'ట్రూ బ్లూ' ఒక్కటే. ఇంకోదానికి నంబరు కూడా ఇచ్చి ఆపేశారు. 1974లో, 42 ఏళ్ళకే, ఆయన పోయారు. మిగతావి 1980ల్లో గానీ జపాన్‌లోనూ మొజాయిక్ అనే కంపెనీ వేసిన ప్లేట్ల పెట్టెలోనూ బయటపడలేదు. ఆ మొజాయిక్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన మైకేల్ కస్కూనా 1975 నుంచి బ్లూనోట్ గోదాములో టేపులు వెతికి తీశారు. 2024 ఏప్రిల్లో కన్నుమూశారు, మే మీటింగులో నిమిషం మౌనం పాటించాం.

చివరికి ఓటింగ్ పెట్టాం, మొదటి అచ్చు మూడు ఓట్ల తేడాతో ఓడింది. ఓడినవాళ్ళు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు, ఫర్వాలేదు, టీకి వస్తున్నారు. ఆ డబ్బుతో కొత్త అచ్చులు కొన్నాం, టీనా బ్రూక్స్ 'మైనర్ మూవ్' బ్లూనోట్ వాళ్ళ టోన్ పొయెట్ వరుసలో వచ్చిన అచ్చు వాటిలో ఒకటి. కవరు మీద వేళ్ళ ముద్రలు పడకుండా చూడండి. ఉప్మా తిన్న చేత్తో పట్టుకున్నవారెవరో మాకు తెలుసు.

ట్రంకులోని ఎల్పీలన్నీ సీడీల్లోకి ఎక్కించి సభ్యులకి పంచుదామన్న ప్రతిపాదన పక్కన పెట్టాం. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు 60 ఏళ్ళు, పాట కట్టినవాడి హక్కు ఆయన పోయాక మరో 60 ఏళ్ళు, రెండూ వేర్వేరు లెక్కలు. గదిలో విందాం, పంచొద్దు.

వంగిన ప్లేట్లని ఎండలో గాజుపలకల మధ్య పెట్టి సరిచేసే ప్రయోగం రెండింటికి పనిచేసింది, ఒకటి గిన్నెలా తయారైంది. మే నెలలో ఎవరూ చేయకండి. ఇంట్లో ప్లేట్లు నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

వచ్చే ఏడాది పని ఏమంటే, ట్రంకులో మిగిలిన అంటుకుపోయిన కవర్లు విడదీయాలి, ఓపికున్న ఇద్దరు కావాలి. 78 ప్లేట్ల సూదులు అయిపోయాయి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కలకత్తా వెళ్ళేవాళ్ళు ముందు చెబితే ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల షాపుల్లో అడిగి తెమ్మని డబ్బులిచ్చి పంపుతాం. రసీదు తెండి.