విదేశీ వ్యవసాయ శిక్షణకు చదువూ తోడవ్వాలి

సంపాదక మహాశయులకు,

వ్యవసాయ కళాశాలల్లోనూ పాలిటెక్నిక్‌లలోనూ చదువు ముగించిన మన అనంతపురం, కర్నూలు, కడప పిల్లలు కొందరు జె-1 వీసా (విద్యా, సాంస్కృతిక వినిమయానికి ఇచ్చే వీసా)పై అమెరికాలోని పాడి క్షేత్రాలకు, నర్సరీలకు శిక్షణార్థులుగా వెళ్తున్నారు. భృతి ఎంతో, వసతి ఎక్కడో చెప్పేవారు వారికి దొరుకుతున్నారు గానీ, అక్కడి విశ్వవిద్యాలయంలో చదివే వీలు ఏ మేరకు ఉందో విడమరిచి చెప్పేవారు కరవయ్యారు.

వ్యవసాయ రంగంలో ఈ శిక్షణకు గరిష్ఠ గడువు 12 నెలలు. అదనంగా 6 నెలలు తరగతి గది చదువు ఉంటుందని శిక్షణ ప్రణాళికలో ముందుగానే రాసి ఉంటే మాత్రం మొత్తం 18 నెలల దాకా అనుమతిస్తారు. డీఎస్-7002 అనే ఫారమే ఆ ప్రణాళిక. గడువు ఖరారయ్యాకే వీసాకు కావలసిన డీఎస్-2019 పత్రం చేతికి వస్తుంది కాబట్టి, చదువు సంగతి ఇక్కడ ఉండగానే తేల్చుకోవాలి.

మా వీధిలోని ఒక చీనీ (బత్తాయి) రైతు కుమారుడు ఆ ఫారం తెచ్చి నాకు చూపించాడు. పాలు పితికే యంత్రాల శుభ్రత, దూడల పోషణ, దాణా కలపడం అన్నీ దశలవారీగా రాసి ఉన్నాయి, చదువు మాట ఒక్క వరుసలోనూ లేదు. కుదిర్చిన ఏజెంటేమో “ఆడికి పోయినాక యూనివర్సిటీలో చేరొచ్చులే అబ్బీ” అన్నాడట. నోటిమాట నమ్మి అప్పు చేసి పంపే తల్లిదండ్రులను తలచుకుంటే బాధ కలుగుతోంది.

మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1949లో మొదలుపెట్టిన కార్యక్రమంలో రైతు క్షేత్రంలో శిక్షణతోపాటు ప్రాంగణంలో ఒక సెమిస్టరు చదివే అవకాశాన్నీ కల్పిస్తూ వచ్చింది. ఇజ్రాయెల్‌లోని అరవా ఎడారి శిక్షణ కేంద్రంలోనూ పొలం పనితోపాటు వారంలో ఒక రోజు తరగతులకు కేటాయిస్తారు. డ్రిప్పు మీదే తోటలు నిలుపుకొంటున్న మన జిల్లాల పిల్లలకు అలాంటి చదువు ఎంత అక్కరకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే సెమిస్టరు చదివినంత మాత్రాన డిగ్రీ రాదు. ఎంఎస్ చేయాలంటే విద్యార్థి వీసాయే కావాలి. సెమిస్టరు ఫీజు ఎవరు కడతారో, చివర ఇచ్చేది హాజరు ధ్రువపత్రమో, క్రెడిట్లు (చదివిన పాఠాలకు లెక్కగట్టే పాయింట్లు) ఉన్న మార్కుల జాబితాయో స్పాన్సరును, అంటే శిక్షణ కార్యక్రమం నడిపే సంస్థను, రాతపూర్వకంగా అడగాలి. ఈ రెండో కాగితానికే తర్వాత విలువ. ట్రైనీగా వెళ్లడానికి డిగ్రీతోపాటు సంబంధిత రంగంలో ఏడాది పని అనుభవం, డిగ్రీ లేకుంటే 5 ఏళ్ల అనుభవం అడుగుతారన్నదీ గుర్తుంచుకోవాలి.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని నేను కోరేది ఒకటుంది. బీఎస్సీ చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెల్లో రైతుల వద్ద ఉండి నేర్చుకున్న పనికి మనమే క్రెడిట్లు ఇస్తున్నప్పుడు, లిఖిత ప్రణాళిక ప్రకారం పరాయి దేశపు పొలంలో నేర్చుకుని, అక్కడి విశ్వవిద్యాలయంలో పరీక్ష రాసి వచ్చినవారి క్రెడిట్లను ఎంఎస్సీ ప్రవేశాల్లోనైనా లెక్కలోకి తీసుకోవడం న్యాయం. అలాగే మహానంది వ్యవసాయ కళాశాలలోనూ, అనంతపురం జిల్లా రెడ్డిపల్లిలోని విశ్వవిద్యాలయ కేంద్రంలోనూ ఒక్కొక్క అధ్యాపకుడికి ఈ బాధ్యత అప్పగించి, పిల్లలు సంతకం పెట్టేముందు డీఎస్-7002ను వారితో కలిసి చదివే ఏర్పాటు చేయాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయాధికారి,
అనంతపురం.