మన బాగోతం సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షులకు, కార్యవర్గానికి, చందాలిచ్చిన దాతలకు, ఈరోజు మీటింగుకు వచ్చినోళ్లకు, రానోళ్లకు గూడ నమస్కారం. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టాలె, నివేదిక చదవాలె, కార్యవర్గం లిస్టు రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపాలె కాబట్టి రాస్తున్న, లేకుంటే జరిగింది మీ కండ్ల ముందటనే జరిగింది. పోయినేడు రెండే పేజీలు రాసిండని అన్నరు, ఈసారి లంబా అయింది అనొద్దు.

ముందుగాల శివరాత్రి ముచ్చటే చెప్తా, ఎందుకంటే ఈ ఏడాది మనం చేసిన అసలు పని అదే. 2025 ఫిబ్రవరి 26 రాత్రి మన శివాలయం ముందట, ఎనిమిదేండ్ల తర్వాత, తెల్లారేదాక ఆట ఆడిచ్చినం. జాగారం రోజు గదా అని శివుడు పరీక్ష పెట్టిన భక్తుడు చిరుతొండ కథ పెట్టినం. గురువుగారు సంక్రాంతి దాటంగనే ఊర్లకు దిగిండు, నలభై రోజులు నేర్పిండు. ఆడెటోళ్లంత పగలు యాసంగి నాట్ల కాడ, ఆటోల మీద, మార్కెట్ యార్డుల మూటల కాడ ఉండేటోళ్లే, రాత్రి ఎనిమిది దాటినంకనే కూడుతరు, కందార్థం అనే పాట ఒకటి వచ్చేసరికి పది అయితది. గురువుగారికి పూట పూటకు ఒక్కో ఇంటికాడ బువ్వ వంతు పెట్టినం, ఆ వంతు లిస్టు మన మహిళా సభ్యులు చూసుకున్నరు, నలభై రోజులల్ల ఒక్క పూట గూడ తప్పలే. మగోళ్లకు అప్పజెప్పిన పనుల లిస్టు కింద వస్తది, అది వేరే కథ.

సామాన్ల పెట్టె తెరిస్తే సగం చెదలు. కిరీటాలు రెండు, భుజకీర్తులు నాలుగు జతలు పనికిరాకుండ పోయినయి. మన టైలర్ అన్న, ఇంకో ఇద్దరు అక్కలు పదిహేను రోజులు కూర్చొని మెరిసే బేగడ కాగితం అతికి, అద్దం ముక్కలు కుట్టి మళ్ల మెరిసేటట్టు చేసిన్రు, సరుకు బేగంబజార్ నుంచి తెచ్చినం. హార్మోనియం తిత్తి చిరిగితే హైదరాబాద్ తీస్కపోయి బాగు చేయించినం, బస్సుల ఒళ్లె పెట్టుకొని పోయిండు మన కోశాధికారి, సీటు గూడ దొరకలే పాపం.

మైకు పర్మిషన్ గురించి చెప్పకుంటే నాకు నిద్రపట్టది. 2000 సంవత్సరం నుంచి ఉన్న రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక మైకు బంద్. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిల 15 రోజులు దాటకుండ 12 దాక సడలింపు ఇయ్యొచ్చని గూడ అండ్లనే ఉంది. ఆ కాగితం కోసం మూడు ఆఫీసులు తిరిగినం, ఒక్కో కాడ ఇది మా టేబుల్ కాదు అన్నరు, ఆఖరికి ఆట రోజు మధ్యాహ్నం నాలుగు గంటలకు చేతికిచ్చిన్రు. ఇచ్చిన్రు గదా, థ్యాంక్స్. అదే సార్లను ముఖ్య అతిథులుగ పిలిచి ముందట నాలుగు కుర్చీలకు తెల్లబట్ట కప్పి పెట్టినం, ఒక్కరు గూడ రాలే, ఒంటిగంట వరకు ఆ కుర్చీలల్ల పిల్లలు పండుకున్నరు, మంచిదే అయింది.

12కు మైకు బంద్ చేసినం. దాదాపు సగం మంది లేచి పోయిన్రు, దాచుడెందుకు. వెనుకున్నోళ్లకు ఇనబడక కొందరు కుర్చీలు పక్కకు నూకి, చాపలు ఏసుకొని, ఆడెటోళ్ల చుట్టు దగ్గరికి వచ్చి కూర్చున్నరు, వంతపాటోళ్లు గూడ ముందటికి జరిగిన్రు. చిరుతొండ భార్య తిరువెంగనాంచి ఏషం కట్టింది మన పెద్దాయన, 62 ఏండ్లు, పగలు బర్లు కాస్తడు. జంగమయ్య ఏషంల ఉన్న శివుడు నీ కొడుకు మాంసమే వండి పెట్టాలె అన్నప్పుడు ఆ తల్లి దరువు పాట ఎత్తుకుంటది గదా, ఆడ కొడుకు సిరియాళుడి ఏషమేసిన ఆరో తరగతి పిలగాడు నిజంగనే నిద్రకు తూగుతున్నడు, పెద్దాయన వాని తల ఒళ్లె పెట్టుకొని పాడిండు. అది నేర్పింది కాదు. అవతల అమ్మలక్కలు కొంగులు కండ్లకు అడ్డం పెట్టుకున్నరు. జనం పైసలిచ్చి పేరు చదివిచ్చుకునే కట్నాలు అప్పుడే ఎక్కువ పడ్డయి, నవ్విచ్చే ఏషం సుంకరోడు పేర్లు చదువుతనే ఉన్నడు.

ఇగ తెర పట్టెటోళ్ల సంగతి. బాగోతంల ప్రతి పాత్ర తెర ఎనక నుంచే రావాలె, ఇద్దరు చెరో కొస పట్టుకొని నిలబడాలె, ఇంతకంటే అలకటి పని ఏది లేదు. ఇద్దరు తమ్ముళ్లు మేమున్నం అన్న అని మీటింగుల చేతులెత్తిన్రు, ఆ రాత్రి రెండు ఫోన్లు స్విచ్ఛాఫ్. ఆఖరికి ఒక కొస అధ్యక్షులు, ఇంకో కొస నేను పట్టుకున్నం. అధ్యక్షులవారు కొంచెం పొట్టిమనిషి కాబట్టి తెర ఒక దిక్కు దిగి శివుని కిరీటం ముందుగాలనే కనబడ్డది, వీడియోల అందరు చూసిన్రు, నవ్విన్రు. రిజిస్టర్ల మనం 64 మందిమి. టెంటు దించేటప్పుడు, డీసీఎంలకు సామాను ఎక్కిచ్చేటప్పుడు, తెల్లారి గుడి ముందట ఊడ్చేటప్పుడు లెక్కపెట్టిన, తొమ్మిది మంది. పోయినేడు గూడ ఆ తొమ్మిది మందే.

కోశాధికారి బిడ్డ అమెరికాల ఉంటది, ఆడ మన బాగోతం లెక్కనే కథంత పాటలనే నడిచే ఆట ఉంటది, ఒపెరా అంటరు. న్యూయార్క్‌ల మెట్రోపాలిటన్ ఒపెరా పైసలకు కటకట పడుతున్నప్పుడు 1935ల ఎలినార్ బెల్మాంట్ అనే ఆమె జనాన్ని సభ్యులుగ చేర్చి ఒక గిల్డ్ పెట్టిందట, అంటే మన సంఘం అసుంటిదే. చందాలు కూడబెట్టుడు, పత్రిక నడుపుడు, స్కూల్ పిల్లలకు ఆట చూపెట్టుడు వాళ్ల పనులు. అంత పెద్దది గూడ 2023ల విడిగ నడవలేక ఆ ఒపెరాలనే కలిసిపోయింది, పత్రిక బంద్ అయింది. అది ఇన్నంక నేను మన బ్యాలెన్సు చూసి సిగ్గుపడుడు మానేసిన. గని స్కూల్ పిల్లల ఐడియా మాత్రం వాళ్లదే తీసుకున్నం. డిసెంబర్ల హైస్కూల్‌కు గురువుగారిని తీస్కపోయినం, దరువు అంటే ఏంది, ద్విపద అనే రెండు పాదాల పద్యం ఎట్ల చదువుతరు, ఇంతకుముందు మొఖానికి అర్దళం అనే పసుపుపచ్చ రాయి నూరి ఎట్ల పూసుకునేటోళ్లు అన్నీ చెప్పిండు, సిరియాళుడు ఆ రోజే దొరికిండు మనకు.

నవంబర్ల కురుమూర్తి జాతరల హుండీ డబ్బా పట్టుకొని మూడు రోజులు తిరిగినం. స్వామి పాదుకలు ఊరేగిచ్చే ఉద్దాల రోజు తొక్కిసలాటల డబ్బా మూత పోయింది, పైసలు పోలే. సంస్థానాలప్పుడు గద్వాలల కార్తీకం, మాఘం సభలు పెట్టి కవులను సత్కరించేటోళ్లట, మనకు ఇప్పటికీ డబ్బానే దిక్కు.

ఇంకో బాధ. 2022ల కిన్నెర మొగులయ్యకు, 2024ల మన నారాయణపేట దిక్కు బుర్రవీణ దాసరి కొండప్పకు, జనగామ దిక్కు చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీలు వచ్చినయి, అందరం స్టేటస్‌లు పెట్టుకున్నం. మన మేళంల ఇద్దరు పెద్దమనుషులకు మాత్రం కళాకారుల పింఛన్ కాగితం ఇంకా కదల్తలే. ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవకు నాలుగుసార్లు పోయినం, ఒకసారి ఆధార్ల ఇంటిపేరు తప్పు, ఒకసారి సర్వర్ డౌన్, ఒకసారి సార్ లీవు. నాలుగోసారి తీసుకున్నరు గని కళాకారుడని రుజువు ఏది అంటున్నరు. యాభై ఏండ్ల సంది ఏషం కడుతున్న మనిషికి రుజువు అంటే ఏం తేవాలె.

లెక్కలు: వచ్చింది 1,86,400, ఖర్చు 1,79,250, మిగిలింది 7,150. బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఫైలుల ఉన్నయి, చూసుకోండ్రి. టెంట్‌హౌస్ అన్నకు ఇంకా కొంచెం బాకీ ఉంది, ఆయన అడుగుతలే కాబట్టి మనమే గుర్తుంచుకొని ఇయ్యాలె.

థ్యాంక్స్ చెప్పాల్సినోళ్లు చానా మంది. బువ్వ పెట్టిన ఇండ్లు, చాయ్ ఫ్రీగ పోసిన హోటలాయన, డీజిల్ పైసలే తీసుకున్న డీసీఎం డ్రైవర్, కరెంటు కనెక్షన్ ఇచ్చిన గుడి కమిటీ, రాత్రంత నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుల్ తమ్ముళ్లు. పేర్లు రాస్తే ఒకటి మర్చిపోయి పోయినేటి లెక్క లొల్లి అయితది, అందుకే అన్నీ గుడి కాడ బోర్డు మీద రాసిచ్చినం, మీ పేరు లేకుంటే నాకు ఫోన్ చేయండ్రి, పెయింటర్ ఇంకా ఊర్లనే ఉన్నడు.

వచ్చే కార్తీకంల ఇంకో ఆట పెట్టాలని గురువుగారు అంటున్నడు. కార్యదర్శిగ నాకు మూడేండ్లు నిండినయి, ఎవరన్న తీసుకుంటే పెట్టె తాళంచెవి ఇప్పుడే ఇచ్చేస్త, జేబులనే ఉంది. ఎవ్వరు రాకుంటే నేనే ఉంట గని, తెర పట్టనీకి ఇద్దరి పేర్లు ఈ మీటింగ్ అయిపోకముందే రాసిచ్చి, నంబర్లు గూడ రాయండ్రి, ఇంట్లోళ్ల నంబర్ గూడ.